సముద్రపు నాచు, రొయ్య పెంకులు, చేప కొలాజెన్: చర్మానికి నిజంగా ఏది పనికొస్తుంది?

సంధ్య_భీమిలి
అందరికీ నమస్కారం. మాది భీమిలి దగ్గర ఊరు. మా డ్వాక్రా గ్రూపులో ఆడవాళ్లం కలిసి కొబ్బరినూనె సబ్బులు చేసి స్టాళ్లలో అమ్ముతాం. ఈ మధ్య వచ్చినవాళ్లలో చాలామంది "సీవీడ్ సబ్బు లేదా? మెరైన్ కొలాజెన్ లేదా?" అని అడుగుతున్నారు. మా ఒడ్డున రాళ్ల మీద, నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, పచ్చగా పల్చటి ఆకుల్లాంటి నాచు బోలెడు కనిపిస్తుంది. దాన్ని ఎండబెట్టి పొడి చేసి సబ్బులో కలపవచ్చా? కొలాజెన్ పొడి ఆన్‌లైన్‌లో కిలో వేలల్లో చెబుతున్నారు, అంత పెట్టి కొనడం దండగ కాదా? రొయ్య పెంకుల నుంచి కైటోసాన్ అని ఏదో తీస్తారట, అది కూడా చర్మానికి మంచిదేనా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. మా గ్రూపు డబ్బు పెట్టే ముందు తెలుసుకోవాలని అడుగుతున్నాను.

ఫార్ములా_శ్రీను
సంధ్య గారూ, హైదరాబాద్‌లో కాస్మెటిక్స్ ఫార్ములేషన్ ల్యాబ్‌లో పని చేస్తాను. మీరు చెప్పే పచ్చ నాచు ఉల్వా అయ్యుంటుంది. విశాఖ తీరంలో రాళ్ల మీద విరివిగా పెరిగేది అదే.

ముందు సబ్బు సంగతి చూద్దాం. మీరు కాస్టిక్ సోడాతో చేసే సబ్బు పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది. అంత క్షారంలో నాచులోని పచ్చదనం నిలవదు, కొన్ని వారాలకే గోధుమరంగుకి తిరుగుతుంది. పైగా సబ్బు ఒంటి మీద ఉండేది నిమిషం, ఆ తర్వాత నీళ్లతో పోతుంది. అంతసేపట్లో నాచులోని పదార్థం చర్మానికి చేసేది చాలా తక్కువ. పొడి గరుకుగా ఉంటే స్క్రబ్‌లా పని చేస్తుందంతే. నాచు గుణం నిజంగా కనిపించాలంటే కడిగేయకుండా వదిలేసే జెల్, క్రీమ్, లేదా కాసేపు ఉంచే మాస్క్ చేయాలి.

కైటోసాన్ అయితే సబ్బులో అసలు పనికిరాదు. అది ఆమ్లంలోనే కరుగుతుంది, క్షారం తగిలితే ముద్దలై విడిపోతుంది.

కిరణ్_వైజాగ్
శ్రీను గారూ, మరీ నిరుత్సాహపరుస్తున్నారు. ప్రపంచమంతా సీవీడ్ స్కిన్‌కేర్ అంటోంది. కొరియా వాళ్లు, ఫ్రెంచి వాళ్లు సముద్రం పేరు మీదే బ్రాండ్లు కట్టారు. మనకు ఇంత పొడవైన తీరం ఉండి ఏమీ చేయకపోతే ఎలా? అక్కా, మీరు మొదలుపెట్టండి. "విశాఖ సముద్రపు నాచు సబ్బు" అని రాస్తే చాలు, టూరిస్టులే ఎగరేసుకుపోతారు.

తీరమిత్ర
కిరణ్ గారూ, ఒక్క నిమిషం. పేరు అమ్ముడుపోతుంది సరే, ఒంటికి రాసుకునేవాళ్లకు ఏం ఇస్తున్నామో చూడాలి కదా. నాచు నీళ్లలో ఉన్నదాన్నంతా పట్టుకుంటుంది. నగర మురుగు కలిసే చోట, హార్బర్ దగ్గర ఏరిన నాచులో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ లాంటివి చేరే అవకాశం ఎక్కువ. గోధుమ నాచుల్లో సర్గాసమ్ జాతికి ఆర్సెనిక్ బెడద మరీ ఎక్కువ. ఆ జాతిలోదే హిజికి అని జపాన్‌లో తింటారు, దాన్ని తినవద్దని బ్రిటన్ ఆహార భద్రతా సంస్థ చాలా ఏళ్లుగా హెచ్చరిస్తోంది.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచైతే ముట్టుకోకండి. ఎండలో కొన్ని గంటలకే కుళ్లడం మొదలవుతుంది. ఆ వాసన ఎలా ఉంటుందో మన తీరం వాళ్లకు నేను చెప్పాలా?

మండపం_రమణ
నేను కొన్నేళ్లు తమిళనాడులో రామనాథపురం జిల్లా మండపం దగ్గర నాచు సాగు పనుల్లో ఉన్నాను. సంధ్య గారికి పనికొచ్చే మాట అక్కడి నుంచి చెబుతాను.

అక్కడ అమ్మకానికి పెంచేది ప్రధానంగా కప్పాఫైకస్ అనే నాచు. భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ, అంటే సీఎస్ఎంసీఆర్ఐ వాళ్లు దాని సాగు పద్ధతిని ఇక్కడి నీళ్లకు తగ్గట్టు తీర్చిదిద్దారు. 2000 తర్వాత అది పెద్ద ఎత్తున మొదలైంది. వెదురు బొంగులతో 12 అడుగుల చదరపు తెప్ప కడతారు. తాళ్లకు వరుసగా చిన్న చిన్న నాచు ముక్కలు ముడివేసి ఒడ్డుకు దగ్గర్లో, లోతు తక్కువ ఉన్న నీళ్లలో వదులుతారు. 45 రోజులకు కోత. ఇసుక అంటకుండా ఎండబెడితే పచ్చి బరువులో పదో వంతు మిగులుతుంది. ముక్కలు కట్టడం, కోయడం, ఆరబెట్టడం చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదుగానే నడుస్తాయి, మీలాంటి గ్రూపులే.

ఆ ఎండు నాచు నుంచి వచ్చేది క్యారజీనన్ అనే జిగురు పదార్థం. టూత్‌పేస్టు ట్యూబులో నీరు వేరు కాకుండా పట్టి ఉంచేవాటిలో అదొకటి. లోషన్లలో, జెల్స్‌లో చిక్కదనానికీ వాడతారు. నాచు కాస్మెటిక్స్‌లోకి వెళ్లే అసలు పెద్ద దారి ఇదే. డబ్బా ముందువైపు మెరిసే అక్షరాల్లో దాని పేరు కనిపించదు, వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

సముద్రంలో తనంతట తాను పెరిగే నాచు ఏరడం వేరే సంగతి. రామేశ్వరం, పాంబన్ వైపు ఆడవాళ్లు చీర మీద చొక్కా వేసుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని మునిగి, రాళ్ల మీద నుంచి మరికొళుందు పాసి అనే జెలిడియెల్లా నాచును చేత్తో గిల్లి తెస్తారు. దాంతో జెల్లీలా గడ్డకట్టే అగర్ చేస్తారు. నాచు మళ్లీ పెరగాలని వాళ్లే నెలలో కొన్ని రోజులే ఏరాలని కట్టుబాటు పెట్టుకున్నారు. వాళ్లకు ముందు నిలబడిన లక్ష్మీ మూర్తికి 2015లో, దీవుల ప్రకృతిని కాపాడేవాళ్లకు ఇచ్చే సీకాలజీ బహుమతి వచ్చింది. ఇది చదివే ప్రతి ఒక్కరికీ ఆమె పేరు తెలియాలని నా కోరిక.

తీరమిత్ర
రమణ గారూ, మంచి విషయాలు చెప్పారు. కానీ కప్పాఫైకస్ మన నాచు కాదన్న మాట కూడా చెప్పాలి. బయటి నుంచి తెచ్చిన జాతి. మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి దగ్గర అది పగడాల మీదకు పాకిందని 2008లోనే పరిశోధకులు రాశారు. పగడం మీద పరుచుకుంటే దానికి వెలుతురు అందక చనిపోతుంది.

మండపం_రమణ
నిజమే, ఆ చర్చ అక్కడ ఇప్పటికీ ఉంది. అందుకే తెప్పలు ఎక్కడ వేయాలన్నది పగడాలు లేని చోటు చూసి నిర్ణయించాలి. ఆంధ్రా తీరంలో పెంచాలంటే ఇక్కడ సహజంగా ఉన్న గ్రాసిలేరియా లాంటి నాచులు మేలని నా అభిప్రాయం. మన దగ్గర అల జోరు ఎక్కువ, తెప్పలు నిలవడం కష్టం, ఆ మాట కూడా గుర్తుంచుకోవాలి.

డెర్మా_గుంటూరు
చర్మ వైద్యురాలిని. కొలాజెన్ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను, క్లినిక్‌లో రోజూ ఎవరో ఒకరు అడిగేదే.

కొలాజెన్ అంటే చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్. దాని అణువు బరువు దాదాపు 3 లక్షల డాల్టన్లు (డాల్టన్ అంటే అణువుల బరువుకు కొలత). చర్మం పైపొర దాటి లోపలికి వెళ్లాలంటే సాధారణంగా 500 డాల్టన్ల లోపు ఉండాలన్నది మేం పాటించే లెక్క. సూది బెజ్జంలో మోకు దూర్చినట్టు ఉంటుంది ఆ ప్రయత్నం. చేప చర్మం నుంచి తీసినా, పొలుసుల నుంచి తీసినా, క్రీమ్‌లో కలిపిన కొలాజెన్ లోపలికి వెళ్లి మన కొలాజెన్‌గా మారదు. మరి పనికిరాదా అంటే, పైన పల్చటి పొరలా నిలిచి తేమ ఆవిరైపోకుండా పట్టి ఉంచుతుంది, చేతికి మెత్తగా తగులుతుంది. మంచి మాయిశ్చరైజర్ అనండి, తప్పులేదు. "ముడతలు పోతాయి" అని మాత్రం రాయకండి. కొలాజెన్‌ను ముక్కలు చేస్తే వచ్చే పెప్టైడ్లు చిన్నవే, కానీ వాటిలోనూ చాలావరకు 500 కంటే చాలా పైనే ఉంటాయి.

కిలో వేల రూపాయలు పోసి కొని కొబ్బరి సబ్బులో కలపడం మాత్రం పూర్తిగా వృథా.

పద్మ_న్యూజెర్సీ
డాక్టర్ గారూ, నేను ఇక్కడ కెల్ప్ అనే పెద్ద గోధుమ నాచు ఉందని చెప్పే క్రీమ్ వాడుతున్నాను, చిన్న డబ్బాకే రెండు వందల డాలర్లు దాటింది. చర్మం మెత్తగానే ఉంటోంది. అది కెల్ప్ వల్లా, మిగతా వాటి వల్లా? తెలుసుకునే దారి ఏదైనా ఉందా?

ఫార్ములా_శ్రీను
పద్మ గారూ, డబ్బా తిప్పి ఇంగ్రీడియెంట్ల జాబితా చూడండి. ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక రాయాలన్నది నియమం. ఒక శాతం లోపు ఉన్నవాటిని మాత్రం ఏ వరుసలోనైనా రాయవచ్చు. ఇప్పుడు ఫినాక్సీఇథనాల్ అనే పేరు వెతకండి. అది సరుకు పాడవకుండా కాపాడే ప్రిజర్వేటివ్, యూరప్ నియమాల్లో దాని గరిష్ఠ పరిమితి ఒక శాతం. దాని తర్వాత కనిపించేవన్నీ మామూలుగా ఒక శాతం లోపువే. మీ కెల్ప్ పేరు లామినేరియా అనో మాక్రోసిస్టిస్ అనో ఉంటుంది. అది ఫినాక్సీఇథనాల్‌కు వెనక ఉంటే, మెత్తదనం ఇచ్చేది ముందు వరుసలో ఉన్న గ్లిజరిన్, మినరల్ ఆయిల్, పెట్రోలాటం లాంటివని అనుకోవచ్చు.

ముందు వరుసలో ఉంటే మాత్రం వేరు. కొన్ని కంపెనీలు నీటి బదులు నాచు కషాయమే వాడతాయి.

పద్మ_న్యూజెర్సీ
చూశాను. నాచు పేరు మొట్టమొదటే ఉంది, రెండోది మినరల్ ఆయిల్, మూడోది పెట్రోలాటం. అయితే రెండూ పని చేస్తున్నాయన్నమాట. చాలా థాంక్స్, ఈ పద్ధతి మా అమ్మాయికి కూడా చెబుతాను.

కిరణ్_వైజాగ్
సరే, సన్‌స్క్రీన్ మాటేమిటి? నాచు ఎండలో బతుకుతుంది కదా, అందులోనే యూవీని ఆపే పదార్థం ఉందని చదివాను. నేచురల్ సన్‌స్క్రీన్ అంటే మార్కెట్ చాలా పెద్దది.

ఫార్ములా_శ్రీను
ఉంది, అది నిజమే. పేరు మైకోస్పోరిన్ లాంటి అమైనో ఆమ్లాలు, ఎమ్‌ఏఏ అంటాం. జపాన్ వాళ్లు అన్నం చుట్టే నోరి నాచు జాతిలో బాగా ఉంటాయి. సుమారు 310 నుంచి 360 నానోమీటర్ల మధ్య కిరణాలను పీల్చుకుంటాయి, అంటే ఎక్కువగా యూవీఏ. సముద్రం నుంచి వచ్చినవాటిలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే. నాచు తనను తాను కాపాడుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అది.

కానీ వాటిని యూవీ ఫిల్టర్‌గా మన దేశంలో అనుమతించలేదు. కాబట్టి నాచు పొడి కలిపి ఎస్‌పీఎఫ్ అని రాస్తే అది చట్టానికీ విరుద్ధం, కొన్నవాళ్ల ఒంటికీ ప్రమాదం. నమ్మి ఎండలోకి వెళ్తారు కదా! సన్‌స్క్రీన్ చేయాలంటే జింక్ ఆక్సైడ్ లాంటి అనుమతి ఉన్న ఫిల్టర్ వేసి, ఎస్‌పీఎఫ్ పరీక్ష చేయించాలి. ఎమ్‌ఏఏ ఉన్న సారం తోడుగా వేసుకోవచ్చు.

రొయ్యల_భీమవరం
కైటోసాన్ గురించి నేను రాస్తాను. మాది భీమవరం, ప్రాసెసింగ్ ప్లాంటులో పని. దేశంలో సాగు రొయ్య ఎక్కువ పండించేది మన ఆంధ్రానే. ముడి రొయ్య బరువులో దాదాపు 40 శాతం తల, పెంకు కింద పోతుంది. పీలింగ్ షెడ్డులో ఆడవాళ్లు చేతులు ఆడించిన కొద్దీ పక్క టబ్బులు పెంకులతో నిండిపోతుంటాయి. గంటల్లో తీయకపోతే ఊరంతా వాసన. అంత సరుకు ఊరికే పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పెంకులో దానికి గట్టిదనం ఇచ్చే కైటిన్ అనే పదార్థం ఉంటుంది. ముందు పల్చటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో వేస్తే సున్నం కరిగిపోతుంది. తర్వాత పల్చటి కాస్టిక్ సోడాలో ప్రొటీన్ పోతుంది. మిగిలేది కైటిన్. దాన్ని 40, 50 శాతం గాఢత ఉన్న కాస్టిక్‌లో వేడి చేస్తే కైటోసాన్ అవుతుంది. కొచ్చిలోని సిఫ్ట్, అంటే కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ, ఈ విధానం మీద ఎప్పటినుంచో పని చేస్తోంది. వాళ్ల కేంద్రం విశాఖలో కూడా ఉంది.

సంధ్య గారూ, దయచేసి ఇంట్లో ప్రయత్నించకండి. అంత గాఢమైన కాస్టిక్ మీద పడితే ఒళ్లు కాలుతుంది. వాడాక ఆ నీళ్లు ఎక్కడ పోస్తారు? తయారైన కైటోసాన్ కొనుక్కోవడమే మంచిది.

సంధ్య_భీమిలి
అమ్మో, లేదండి, కాస్టిక్ సంగతి మాకు బాగా తెలుసు. కొనుక్కుంటే దాన్ని ఎలా వాడాలి? సబ్బులో వద్దన్నారు కదా.

ఫార్ములా_శ్రీను
జుట్టుకు వాడండి. గోరువెచ్చటి నీళ్లలో కైటోసాన్ పలుకులు వేసి కలిపితే ఎంతసేపైనా అలాగే ఉంటాయి. కొద్దిగా లాక్టిక్ ఆసిడ్ చుక్కలుగా వేస్తూ కలుపుతూ ఉండండి, పలుకుల అంచులు ముందు జెల్లీలా ఉబ్బుతాయి, తర్వాత మెల్లగా కరిగి ద్రవం చిక్కబడుతుంది. ఒక శాతం చాలు. పీహెచ్ 5 దగ్గర ఉంచండి. కైటోసాన్‌కు ధన ఆవేశం, జుట్టుకు రుణ ఆవేశం, అందుకే వెంట్రుకను అంటిపెట్టుకుని పల్చటి పొర కడుతుంది, చిక్కు తగ్గుతుంది. మన తేమ గాలిలో వెంట్రుకలు లేవకుండా కొంత అదుపు చేస్తుంది.

దీన్ని గోధుమ నాచు నుంచి తీసే ఆల్జినేట్, చిక్కదనానికి వాడే గ్జాంథన్ గమ్, షాంపూల్లో వాడే ఎస్‌ఎల్‌ఈఎస్ లాంటి వాటితో మాత్రం కలపవద్దు. వాటిది రుణ ఆవేశం, రెండూ పట్టుకుని పెరుగు విరిగినట్టు విరిగిపోతాయి.

తీరమిత్ర
ఇక్కడ ఒక సంగతి రాయకపోతే మనసు ఊరుకోదు. ఫేస్ ఆయిల్స్‌లో స్క్వాలేన్ అనే నూనె పదార్థం వస్తుంది. మొదట్లో అది లోతైన సముద్రంలో ఉండే సొరచేపల కాలేయం నుంచి తీసేవారు. ఆ చేపలు చాలా నెమ్మదిగా పెరుగుతాయి, ఈడుకు రావడానికే ఏళ్లు పడుతుంది, పిల్లలు తక్కువ. ఒకసారి తగ్గితే కోలుకోవడం కష్టం. 2008లో యూనిలీవర్, లోరియాల్ సొరచేప స్క్వాలేన్ మానేస్తున్నామని ప్రకటించాయి. ఇప్పుడు ఆలివ్ నుంచి, చెరకు నుంచి వచ్చేది దొరుకుతుంది, అణువు అదే. లేబుల్ మీద ఎక్కడి నుంచి వచ్చిందో చాలాసార్లు ఉండదు, కాబట్టి కొనేటప్పుడు మొక్క నుంచి తీసినదని రాతపూర్వకంగా అడగండి.

ఇంకో మాట. పగడం పొడి, సముద్రపు దోసకాయ సారం, తిమింగలం వాంతి అనే అంబర్‌గ్రిస్ అమ్ముతామని ఎవరైనా వస్తే దూరంగా ఉండండి. ఇవన్నీ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులకు చెందినవి. కేసు అయితే జైలే.

మండపం_రమణ
జీవిని చంపకుండా తెచ్చిన ఉదాహరణ కూడా ఉంది. బహామాస్ సముద్రంలో కొమ్మల్లా పెరిగే మెత్తటి పగడం నుంచి సూడోటెరోసిన్లు అనే పదార్థాలను అమెరికా శాస్త్రవేత్త విలియం ఫెనికల్ బృందం 1986లో వెలికితీసింది. వాపు, ఎర్రదనం తగ్గించే గుణం ఉంది. ఎస్టీ లాడర్ తన క్రీమ్‌లో వాడింది. అక్కడ మొత్తం పీకకుండా కొమ్మలు కత్తిరించి, మళ్లీ పెరగనిచ్చే పద్ధతి పెట్టారు. మనం మాత్రం పగడం జోలికి వెళ్లకూడదు, తీరమిత్ర గారు చెప్పింది అక్షరాలా నిజం.

డెర్మా_గుంటూరు
ఉప్పు గురించి ఎవరూ అడగలేదు కానీ చెబుతాను, స్నానపు ఉప్పుల వ్యాపారం ఇప్పుడు జోరుగా ఉంది. మృత సముద్రపు ఉప్పు మీద జర్మనీలో 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో, పొడి చర్మం ఉన్నవాళ్లు ఒక చేతిని 5 శాతం ఉప్పు నీళ్లలో 15 నిమిషాలు ఉంచారు, రెండో చేతిని మామూలు నీళ్లలో. ఆరు వారాల్లో ఉప్పు నీటి చేతికి తేమ నిలిచింది, ఎర్రదనం తగ్గింది. కారణం మెగ్నీషియం అని వాళ్ల అంచనా. అయితే ఆ ఉప్పులో మెగ్నీషియం క్లోరైడే ఎక్కువ. మన నౌపడ ఉప్పులో సోడియం క్లోరైడే ప్రధానం. మన ఉప్పును ఆ పేరుతో అమ్మడం సరికాదు. మడుల్లో ఉప్పు తీసేశాక మిగిలే చేదు నీళ్లలో మాత్రం మెగ్నీషియం ఉంటుంది, దాన్ని శుద్ధి చేసేవాళ్లు ఎవరైనా ఉంటే ఆ దారి ఆలోచించదగ్గదే.

అలాగే అందం కోసం కెల్ప్ మాత్రలు మింగవద్దు. అయోడిన్ మోతాదు ఒక్కో సరుకులో ఒక్కోలా ఉంటుంది, థైరాయిడ్ తేడా చేస్తుంది. కొందరికి మొటిమలూ పెరుగుతాయి.

సంధ్య_భీమిలి
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మా వాళ్లందరికీ ఇవన్నీ చదివి వినిపించాను. ఒడ్డున ఏరే ఆలోచన మానుకున్నాం. సబ్బు మామూలుగానే ఉంచి, కొన్న క్యారజీనన్‌తోనో అగర్‌తోనో చిన్న జెల్, కైటోసాన్‌తో జుట్టుకు జెల్, ఆల్జినేట్‌తో ఊడదీసే మాస్క్ చేద్దామనుకుంటున్నాం. ప్రిజర్వేటివ్ లేకుండా చేయవచ్చా? "కెమికల్స్ లేవు" అంటే జనం ఇష్టపడతారు.

ఫార్ములా_శ్రీను
జెల్‌కు ప్రిజర్వేటివ్ తప్పనిసరి. ల్యాబుల్లో సూక్ష్మజీవులను పెంచే పళ్లేల్లో పోసేది అగరే, 1880ల్లో కోఖ్ ల్యాబ్ నుంచి ఆ పద్ధతి వచ్చింది. నీళ్లున్న జెల్‌లో తేమకు లోటుండదు, కలిపిన నాచు సారం వాటికి మంచి మేత. నాలుగు రోజుల్లో కంటికి కనిపించకుండానే పాడవుతుంది, కళ్ల దగ్గర రాసుకునేవాళ్ల సంగతి ఆలోచించండి.

ఆల్జినేట్ మాస్క్ మీకు బాగా కుదురుతుంది. పొడిగానే అమ్ముతారు, నీళ్లుండవు కాబట్టి తేమ తగలకుండా ప్యాక్ చేస్తే చాలు. సోడియం ఆల్జినేట్, కాల్షియం సల్ఫేట్, సూక్ష్మ నాచుల పెంకుల నుంచి వచ్చే మట్టి అయిన డయాటమేషియస్ ఎర్త్ ప్రధానం. పళ్ల అచ్చు తీయడానికి డెంటిస్టులు వాడేది కూడా ఇలాంటిదే. నీళ్లు కలిపిన కొన్ని నిమిషాల్లో రబ్బరులా గట్టిపడుతుంది, అంచు పట్టి లాగితే ఒక్క ముక్కగా వస్తుంది. త్వరగా బిగుసుకుంటే ట్రైసోడియం ఫాస్ఫేట్ చిటికెడు కలిపి ఆలస్యం చేస్తారు. కలిపేటప్పుడు మాస్కు కట్టుకోండి, ఆ పొడి పీల్చకూడదు.

లైసెన్స్ మాట మర్చిపోకండి. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం సబ్బుకైనా, మాస్క్‌కైనా రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి తయారీ లైసెన్స్ ఉండాలి. మీకు సొంతంగా కష్టమైతే లైసెన్స్ ఉన్న యూనిట్‌లో మీ పేరు మీద చేయించుకునే లోన్ లైసెన్స్ పద్ధతి ఉంది.

కిరణ్_వైజాగ్
అక్కా, ప్యాకింగ్ డిజైన్, ఫొటోలు నేను చేసి పెడతాను, డబ్బులేమీ వద్దు. ముందు మీద "ఆల్జినేట్ మాస్క్, గోధుమ నాచు నుంచి" అని ఉన్నదున్నట్టే రాద్దాం, వెనక పూర్తి జాబితా పెద్ద అక్షరాల్లో వేద్దాం.

పద్మ_న్యూజెర్సీ
ఇంకో సందేహం. మా అబ్బాయికి రొయ్యలు పడవు, తింటే పెదాలు వాస్తాయి. కైటోసాన్ ఉన్న కండిషనర్ వాడవచ్చా?

డెర్మా_గుంటూరు
రొయ్య అలర్జీకి ప్రధాన కారణం ట్రోపోమయోసిన్ అనే కండరపు ప్రొటీన్. బాగా శుద్ధి చేసిన కైటోసాన్‌లో అది దాదాపు ఉండదు. అయినా శుద్ధి ఎంతవరకు చేశారో డబ్బా మీద తెలియదు కాబట్టి, పెదాలు వాచేంత అలర్జీ ఉన్నవాళ్లు దాన్ని మానేయడమే క్షేమం. పుట్టగొడుగుల నుంచి తీసిన కైటోసాన్ కూడా దొరుకుతుంది, అది అడగండి. సంధ్య గారూ, మీ హెయిర్ జెల్ మీద "రొయ్య పెంకుల నుంచి తీసినది" అని స్పష్టంగా రాయండి. మొదటిసారి వాడేవాళ్లను మోచేతి లోపలివైపు కొద్దిగా రాసుకుని రెండు రోజులు చూడమని కూడా చెప్పండి.

సంధ్య_భీమిలి
తప్పకుండా రాస్తాం డాక్టర్ గారూ, తెలుగులోనే పెద్దగా. రొయ్యల భీమవరం గారూ, మీ వైపు శుద్ధి సర్టిఫికెట్‌తో కైటోసాన్ అమ్మేవాళ్లు తెలిస్తే మెసేజ్ పెట్టండి. అరకిలోతో మొదలుపెడతాం.